పక్షులెన్ని?

మంగళవారం వచ్చిందంటే మా అమ్మాయికి కడుపునొప్పి.

మొదట్లో నేనంతగా పట్టించుకోలేదు. సోమవారం రాత్రి తిన్నదేదో పడలేదనుకున్నాను. వాము నమిలించాను. జీలకర్ర కషాయం పట్టించాను. మా అమ్మ దిష్టి తీసింది. ఆ నొప్పి మాత్రం ఠంచనుగా పొద్దున్న ఏడున్నరకి వచ్చేది, స్కూలు బస్సు వీధి మలుపు తిరిగిపోగానే చెప్పాపెట్టకుండా పోయేది. చివరికి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పొట్ట నొక్కి చూసి, "ఏమీ లేదమ్మా. మంగళవారం ఏమిటి విశేషం?" అనడిగారు.

"ఏముందండీ, సాయంత్రం ఆంజనేయస్వామి గుడికి వెళతాం, అంతే" అన్నాను.

ఆయన నవ్వి, "గుడి సంగతి కాదు, బడి టైంటేబులు చూడండి" అన్నారు.

ఇంటికొచ్చి చూశాను. మంగళవారం, మొదటి పీరియడు, ఆల్జీబ్రా స్లిప్ టెస్టు.

దాన్ని కోప్పడదామంటే నాకు నోరు రాలేదు. ఎలా వస్తుంది చెప్పండి? ఆ నొప్పి నాకు పాత స్నేహితురాలు. 1993లో నేను ఎనిమిదో తరగతి. మా లెక్కల మాస్టారు బోర్డు మీద ఎక్స్ అని రాసి, "ఇదెంతో మనకి తెలీదు" అనేవారు. తెలీకపోతే వూరుకోవచ్చుగా! బోర్డు నిండా రాసి, తుడిచి, మళ్ళీ రాసి, పీరియడు చివర్లో "కాబట్టి ఎక్స్ అంటే 5" అనేవారు. ఆ ముక్కేదో ముందే చెబితే మాకీ శ్రమ తప్పేది కదా అనిపించేది నాకు. సరే, ఎక్స్ అంటే 5 అని శ్రద్ధగా గుర్తుపెట్టుకుని మర్నాడు వెళితే, అది కాస్తా 12 అయి కూర్చునేది. మాట మీద నిలబడనివాళ్ళంటే నాకు ఆనాటినుంచీ అపనమ్మకం.

పదో తరగతిలో లెక్కల్లో నాకు 38 మార్కులొచ్చాయి. పాసుకి 35 కావాలి. ఆ పైన 3 మార్కులూ మా అమ్మ మొక్కుల ఫలం. ఆ తరవాత ఇంటర్లో హెచ్.ఇ.సి., డిగ్రీలో తెలుగు సాహిత్యం, ఎక్స్‌కీ నాకూ తెగతెంపులు. ఇప్పటిదాకా నేను రాసిన నవలల్లో కథానాయికలు ఏడ్చారు, నవ్వారు, అత్తగార్లని ఎదిరించారు, ఒకమ్మాయి విడాకులు కూడా పుచ్చుకుంది. ఒక్కరంటే ఒక్కరికి వర్గ సమీకరణంతో పని పడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయి స్కూలునించి కబురొచ్చింది. తల్లిదండ్రుల సమావేశంలో చిన్న చర్చ పెడుతున్నారట. "మిడిల్ స్కూలు పిల్లలకి బీజగణితం నిర్బంధంగా వుండాలా?" అన్నది విషయం. రచయిత్రిని కనక నన్ను కూడా మాట్లాడమన్నారు. ఇన్నాళ్ళకి ఎక్స్ మీద పగ తీర్చుకునే అవకాశం! పెరుగన్నం కూడా తినకుండా కాగితం, కలం పట్టుక్కూచున్నాను.

నా వాదన గట్టిదే. పదమూడేళ్ళ పిల్లకి వారం వారం కడుపునొప్పి తెప్పించే చదువు చదువే కాదు. రేపు ఏ పాటలోనో బొమ్మల్లోనో రాణించవలసిన పిల్ల, ఇవాళ ఎక్స్ దగ్గర చతికిలబడి, తనసలు ఎందుకూ పనికిరానిదాన్నని అనుకుంటుంది. అందుకని ఇష్టమున్నవాళ్ళు నేర్చుకోవాలి, లేనివాళ్ళని వదిలెయ్యాలి. సి.బి.ఎస్.ఇ. వాళ్ళు 2020 పరీక్షల నుంచి పదో తరగతి లెక్కలకి స్టాండర్డ్, బేసిక్ అని రెండు రకాల ప్రశ్నపత్రాలు పెట్టారు. పాఠాలు ఒకటే అయినా ఏ పరీక్ష రాయాలో పిల్లలే ఎంచుకోవచ్చు. పదిలో వున్న వీలు ఎనిమిదిలో ఎందుకుండకూడదు?

మావారికి చదివి వినిపించాను. ఆయన బ్యాంకు ఉద్యోగి, పైగా లెక్కల మనిషి. పేపరు దించకుండానే, "అయితే నువ్వు పోయినేడు చిట్టీ పాటలో అంత తక్కువకి ఎందుకు పాడుకున్నావో ఇప్పుడర్థమైంది" అన్నారు.

"చిట్టీ సంగతి ఇప్పుడెందుకండీ? మీ బ్యాంకులో మాత్రం లెక్కలన్నీ కంప్యూటరే కదా చేస్తుంది?"

"మిక్సీ వచ్చిందని పచ్చడిలో ఉప్పెంతో తెలియక్కర్లేదా? ఏది వేయాలో మిక్సీకి నువ్వే చెప్పాలి, కంప్యూటరుకి మేం చెప్పాలి."

వంటింటి వుపమానంతో నన్నే కొట్టడం నాకు నచ్చలేదు. కాఫీ ఇవ్వకుండా వంటింట్లోకి వచ్చేశాను. అక్కడ మా అమ్మ పీట వేసుక్కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. అమ్మకి 74 ఏళ్ళు. నేనేం రాసినా ముందు మెచ్చుకునే మనిషి అమ్మే. మొదట్నుంచీ చదవడం మొదలెట్టాను. కడుపునొప్పి దగ్గర "పాపం" అంది. పాటల దగ్గర తల వూపింది. "కాబట్టి దీన్ని పిల్లల ఇష్టానికి వదిలెయ్యాలి" అనే వాక్యం దగ్గరకొచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది.

"ఎవరిష్టానికే?"

"పిల్లల ఇష్టానికమ్మా."

"మమ్మల్నీ అలాగే వదిలేశారు" అని, మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది.

ఇంకో పావుగంట బతిమాలితే గానీ మిగతాది చెప్పలేదు. నలభయ్యయిదేళ్ళుగా ఆవిడ కూతుర్నయి వుండి, నేనా కథ వినడం అదే మొదలు.

1964లో అమ్మ తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. గుడివాడ దగ్గర పల్లెటూరు, మూడు మైళ్ళ దూరంలో హైస్కూలు. అప్పట్లో వాళ్ళ బడిలో తొమ్మిది నుంచి లెక్కలు రెండు రకాలు, జనరల్ అనీ, కాంపోజిట్ అనీ. జనరల్ అంటే వడ్డీలూ, లాభనష్టాలూ, అలాంటి వాడుక లెక్కలు. కాంపోజిట్ అంటే ఆల్జీబ్రా, జామెట్రీ అన్నీ వున్న పెద్ద లెక్కలు. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవచ్చునన్నది నియమం.

"అయితే నువ్వు జనరల్ తీసుకున్నావా?" అన్నాను.

"తీసుకోవడమేమిటే? ఇచ్చారు. క్లాసులో పదకొండు మంది ఆడపిల్లలం. పదకొండు ఫారాల మీదా గుమాస్తా ఒకటే మాట రాసేశాడు. మమ్మల్ని అడగలా, మా నాన్ననీ అడగలా. ఆడపిల్లలకి అది చాలని ఎవరనుకున్నారో, అది కూడా ఎవరూ పైకి అనలా."

"మరి మావయ్యో?"

"అన్నయ్యకి కాంపోజిట్. వాడికి లెక్కలు నేనే చెప్పేదాన్ని ఎనిమిదో తరగతి దాకా" అని నవ్వింది అమ్మ. "తొమ్మిది నుంచి వాడి పుస్తకం నాకర్థం కాలా. వాడికి చెప్పే ఓపిక లేదు."

మావయ్య కాకినాడలో ఇంజినీరింగ్ చదివి, పెద్ద వుద్యోగం చేసి రిటైరయ్యాడు. అమ్మకి లెక్కల టీచరు కావాలని వుండేదట. పి.యు.సి.లో చేరడానికి వెళ్ళి లెక్కల గ్రూపు అడిగితే, "కాంపోజిట్ వుందా అమ్మాయ్?" అన్నారట. లేదంది. అంతే. హిస్టరీ గ్రూపులో వేశారు. ఏడాది తిరిగేసరికి పెళ్ళయింది.

అమ్మ దగ్గర ఒక పద్దుల పుస్తకం వుంటుంది. పాలు, కూరలు, చాకలి పద్దులూ, కరెంటు బిల్లూ పైసలతో సహా రాస్తుంది. నెలాఖరున మూడు రకాలుగా కూడి సరిచూసుకుంటుంది. అది ఆవిడ పొదుపనుకున్నాను ఇన్నాళ్ళూ. ఒక్కోసారి ఎగతాళి కూడా చేశాను. అది లెక్కల మీద ఆవిడకున్న ప్రేమ అనీ, ఆ ప్రేమ వెళ్ళడానికి పాల చీటీ తప్ప వేరే చోటు దొరకలేదనీ నాకెప్పుడూ తట్టలేదు. నేను నవలలు రాస్తాను. మనుషుల మనసులు చదువుతానని పేరు కూడా వుంది!

ఆ రాత్రి ఉపన్యాసం కాగితాలు పక్కన పెట్టి మా చెల్లెలికి ఫోన్ చేశాను. అది శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర వుంటోంది. ఇదంతా చెబితే, "ఇదే గొడవక్కా ఇక్కడ పదేళ్ళపాటు" అంది. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో 2014లో ఎనిమిదో తరగతినించి ఆల్జీబ్రా తీసేసి, అందరికీ తొమ్మిదిలోనే అన్నారట. ఉద్దేశం మంచిదే. కొందరు పిల్లల్ని చిన్నప్పుడే తెలివైనవాళ్ళనీ, కొందర్ని కాదనీ విడదీస్తుంటే, వెనక పడేది ఎప్పుడూ నల్లవాళ్ళ పిల్లలూ, స్పానిష్ మాట్లాడేవాళ్ళ పిల్లలూను. ఆ విడదీయడం మానాలన్నారు. కానీ డబ్బున్నవాళ్ళు పిల్లలకి బయట ఫీజులు కట్టి నేర్పించుకున్నారు. లేనివాళ్ళు ఆగిపోయారు. చివరికి 2024 మార్చిలో ఓటర్లు పెద్ద మెజారిటీతో ఎనిమిదిలో ఆల్జీబ్రా మళ్ళీ పెట్టమన్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. రాబర్ట్ మోజెస్ అని ఒక నల్లజాతి లెక్కల మాస్టారు వుండేవాడు. 1960లలో మిసిసిపీలో నల్లవాళ్ళకి ఓటు హక్కు కోసం ప్రాణాలకి తెగించి ఊరూరా తిరిగినవాడు. 1982లో ఆయన కూతురు ఎనిమిదో తరగతికి వచ్చింది. ఆ బడిలో ఆల్జీబ్రా చెప్పడం లేదు. ఆయనే వెళ్ళి కూతురికీ, ఆవిడతో పాటు మరికొందరికీ చెప్పడం మొదలెట్టాడు. తరవాత అదే ఆల్జీబ్రా ప్రాజెక్టు అని పెద్ద వుద్యమమైంది. 2021లో పోయేదాకా ఆయన అన్నదొకటే, పేదపిల్లలకి ఆల్జీబ్రా అందడం కూడా ఓటు హక్కులాంటిదేనని.

ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇష్టం అన్న మాట ఎంత అందంగా వుంటుంది! కానీ పదమూడేళ్ళ పిల్ల ఇష్టాన్ని రాసేది ఎవరు? ఒకచోట గుమాస్తా కలం, ఒకచోట తండ్రి జీతం, ఒకచోట నాలాంటి తల్లి జాలి. నాకు రాలేదు కనక దానికీ రాదనుకుని, దాని ఫారం మీద నేనే జనరల్ అని రాయబోయాను కదా!

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మాయి అమ్మమ్మ పక్కన పడుకుని కథ చెప్పమంది. కథ బదులు అమ్మ పాత పొడుపులెక్క ఒకటి వేసింది. మీ అందరికీ తెలిసిందే. చెట్టు మీద ఒంటరి పక్షి ఒకటి వుంది. పైన గుంపు ఎగిరిపోతోంది. "మీరు వందమందా?" అని ఇది అడిగింది. "కాదు, మేమూ, మళ్ళీ మా అంతమందీ, మాలో సగం, ఆ సగంలో సగం, పైన నువ్వూ కలిస్తే వంద" అని గుంపు చెప్పింది. పక్షులెన్ని?

"36!" అని అమ్మే చెప్పేసింది, నవ్వుతూ. "మా నాయనమ్మ చెప్పింది నాకు."

మా అమ్మాయిది వంకర బుర్ర. "అమ్మమ్మా, వంద కాకుండా 144 అయితే ఎన్ని?" అంది.

అమ్మ వేళ్ళు మడిచింది, తెరిచింది. నలభై అనుకుని చూసింది, చాలలేదు. అరవై అంది, ఎక్కువైంది. "ఏమోనే, మా నాయనమ్మ వంద ఒక్కటే చెప్పింది" అంది చివరికి, చిన్నపిల్లలా.

అప్పుడు మా అమ్మాయి లేచి కూచుంది. పెన్సిలు తెచ్చి కేలండరు వెనక రాసింది. "గుంపు ఎన్నో తెలీదు కదా అమ్మమ్మా, దాన్ని ఎక్స్ అందాం. ఎక్స్, ఇంకో ఎక్స్, అర ఎక్స్, పావు ఎక్స్. అంటే మొత్తం రెండూ ముప్పావు. ఒంటరి పక్షిని తీసేస్తే 143..." అని ఆగింది. రెండూ ముప్పావుతో భాగించడం దగ్గర దాని మొహం మంగళవారం మొహమైపోయింది.

"రెండూ ముప్పావంటే పదకొండు పావులు కదే!" అంది అమ్మ టక్కున. పావులూ, అర్ధపావులూ కొలిచి కొలిచి ఆవిడ చేతికి అలవాటు. "పదకొండు పావులు 143. ఒక పావు 13. నాలుగు పావులు 52."

"52!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. కూడి చూశారు. 52, 52, 26, 13, ఒకటి. సరిగ్గా 144.

అమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "అయితే ఏ గుంపుకైనా ఇంతేనా? అన్నిటికీ ఒకటే దారా?" అంది. "మా అన్నయ్య పుస్తకంలో వుండేది ఇదేనా?"

నేను పక్కగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. నాక్కూడా అప్పుడే అర్థమైంది, ఎక్స్ ఒకరోజు 5, ఒకరోజు 12 ఎందుకయ్యేదో. అది మాట తప్పడం కాదు. 36 అన్నది ఒక్క గుంపుకి జవాబు. ఎక్స్ అన్నిగుంపులకీ దారి. మన ఆడవాళ్ళకి తరతరాలుగా జవాబులు మాత్రం చెప్పి పంపించారు. గుంపు మారితే ఏం చెయ్యాలో చెప్పలేదు.

ఆ తరవాత కొంచెం చదివాను కూడా. ఎక్స్ అంటే ఇంగ్లీషువాళ్ళ సొమ్మనుకునేదాన్ని. భాస్కరాచార్యుడు 1150లో రాసిన సిద్ధాంత శిరోమణిలో బీజగణితం ఒక భాగమట. అందులో తెలియని సంఖ్యకి యావత్తావత్ అని పేరు. ఎంతో అంత, అని అర్థం. రెండోది కావలసివస్తే కాలకం, ఆ పైన నీలకం, పీతకం, లోహితకం. నలుపు, నీలం, పసుపు, ఎరుపు. చీరల కొట్లో రంగులు చెప్పినట్టు లేదూ! కూతురి పేరు మీద లీలావతి రాశాడని ఐతిహ్యం. అది మామూలు లెక్కల పుస్తకం. బీజగణితానికి మాత్రం ఆడపేరు పెట్టలేదు. లీలావతి ఫారం మీద కూడా జనరల్ అని రాశారేమో అనిపించి నవ్వొచ్చింది. మన తెలుగులో అయితే పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కలు మన భాషలో పద్యాలై నడిచాయన్నమాట. మా అమ్మాయికి మాత్రం బోర్డు మీద "లెట్ ఎక్స్ బి" అని మొదలై "హెన్స్ ప్రూవ్డ్" అని ముగుస్తాయి. మధ్యలో పక్షి ఒక్కటీ ఎగరదు.

సమావేశం రోజున కొత్త కాగితాలు పట్టుకుని వెళ్ళాను. బీజగణితం అందరు పిల్లలకీ వుండాలన్నాను. ఇష్టమున్నా లేకపోయినా, అమ్మాయైనా అబ్బాయైనా. ఎందుకంటే ఆ వయసులో వద్దనుకుంటే ఏ తలుపులు మూసుకుపోతాయో పిల్లలకి తెలీదు. తెలిసిన పెద్దలు అందరి పిల్లలకీ ఒకే న్యాయం చెయ్యరు. కానీ నిర్బంధం పిల్లలకొక్కరికే కాదు, మనకి కూడా అన్నాను. నేర్చుకుతీరాలని వాళ్ళతో అన్నప్పుడు, అర్థమయ్యేలా నేర్పితీరాలన్నది మన వంతు. మార్కులు క్లాసులో పైకి చదవద్దన్నాను. మార్కుల్ని బట్టి పిల్లల్ని వేరే సెక్షన్లలో కూచోబెట్టొద్దన్నాను. ముందు పక్షుల్ని ఎగరనిచ్చి, తరవాత ఎక్స్‌ని పిలవమన్నాను. చివర్లో మా అమ్మ కథ చెప్పాను. చప్పట్లు కొట్టినవాళ్ళలో నానమ్మలూ, అమ్మమ్మలూ ఎక్కువ.

స్కూలువాళ్ళు మార్కులు పైకి చదవడం మానేస్తామన్నారు. మిగతావి చూద్దామన్నారు. చూద్దామన్నది కూడా ఒక ఎక్సే. దాని విలువ ఏడాది చివర్లో తెలుస్తుంది.

మా అమ్మాయి కడుపునొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. పోయినవారం స్లిప్ టెస్టులో 25కి 11 వచ్చాయి. అంతకుముందు 6. రాత్రిళ్ళు అమ్మమ్మా, మనవరాలూ ఒకే దీపం కింద కూచుంటున్నారు. అమ్మ కొత్త నోటుబుక్కు తెప్పించుకుంది. అట్ట మీద పేరు రాసి, కింద సబ్జెక్టు అన్నచోట కొంచెంసేపు ఆలోచించి, "కాంపోజిట్" అని రాసుకుంది.

ఈ మంగళవారం పొద్దున్న మా అమ్మాయి రెండిడ్లీలు తిని బస్సు కోసం పరిగెత్తింది. అమ్మ గుమ్మం దాకా వెనకాలే వెళ్ళింది.

"ఏమే, అయిదో లెక్కలో నాకు ఎక్స్ 7 వచ్చింది. నీకో?"

"నాకూ 7 అమ్మమ్మా!" అని బస్సులోంచి చెయ్యూపింది అది.